స్టాపు చెప్పని కండక్టర్లం

మొన్న ఊరెళ్ళినప్పుడు గురజాలలో నా చిన్ననాటి స్నేహితుడి ఇంటికెళ్ళాను. వాడికి చూపు లేదు. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని పనులన్నీ సొంతంగా చేసుకుంటాడు. ఆ రోజు ఏదో పరీక్షకి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతున్నాడు. ట్యాబ్ కొడితే "బటన్" అంది. మళ్ళీ కొడితే మళ్ళీ "బటన్". ఏం బటనో చెప్పదు. చివర్లో ఉన్న సబ్మిట్ దగ్గరికైతే అసలు పోనే పోదు. చివరికి నేనే మౌసుతో నొక్కాను. "నీకేంరా, కళ్ళున్నాయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆఫీసులో ఈ సంగతి చెబితే ఒకాయన "ఆ స్క్రీన్ రీడరే బాలేదేమో" అన్నాడు. ఇదిగో, ఈ మాటకే నాకు ఒళ్ళు మండేది.

స్క్రీన్ రీడర్ మనలా తెర చూసి చదవదండీ. ఫోకస్ మారినా, టిక్కు పెట్టినా, విలువ మారినా అప్లికేషన్ ఒక ఈవెంట్ పంపాలి. అప్పుడది "నీ పేరేంటి, నువ్వు బటన్‌వా, చెక్‌బాక్స్‌వా, ఏ స్థితిలో ఉన్నావు" అని అడిగి, వచ్చిన జవాబు పైకి చదువుతుంది. విండోస్‌లో 1997 నుంచే దీనికి యాక్టివ్ యాక్సెసిబిలిటీ ఉంది, తర్వాత యూఐ ఆటోమేషన్ వచ్చింది. కొత్త విద్యేం కాదు.

రాత్రిపూట మాచర్ల బస్సులో కండక్టరు "పిడుగురాళ్ళ", "గురజాల" అని కేకేస్తేనే కదా దిగేది? మనమేమో డివ్‌కి రంగు పూసి, ఆన్‌క్లిక్ తగిలించి, బటన్ అంటాం. దానికి కీబోర్డు ఫోకస్ రాదు, ఈవెంట్ పోదు. అంటే స్టాపు చెప్పని కండక్టర్లం. ఇంకొందరు ప్రోగ్రెస్ బార్ కాస్త కదిలినప్పుడల్లా ఈవెంట్ పంపుతారు. దారిలో ప్రతి చింతచెట్టు పేరూ అరిచినట్టు! ఏది చదవాలో, ఏది వదిలెయ్యాలో స్క్రీన్ రీడర్ రాసేవాళ్ళు ఊహించుకోవాలి. ఎన్‌వీడీఏ సోర్సు కోడ్ తెరవండి, ఒక్కో ప్రోగ్రాం కోసం విడిగా రాసిన మాడ్యూళ్ళు కనిపిస్తాయి. అందులో చాలా భాగం మన బద్ధకానికి వాళ్ళు కడుతున్న పన్నే. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కీ చూపు లేదు. అయినా అందరికీ ఉచితంగా ఇస్తున్నారు.

"అలాంటి యూజర్లు ఎంతమందిలే" అంటారా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. మనం చూపించేది దయేం కాదు, బాకీ తీర్చడం.

బటన్ కావాలంటే బటన్ ట్యాగే వాడండి. దానికో పేరు పెట్టండి. రిలీజుకి ముందు మానిటర్ ఆపేసి, మౌసు పక్కన పడేసి, మీ ఫారం మీరే ఒక్కసారి నింపండి.

నేను నా పాత ప్రాజెక్టు మీద చేసి చూశాను. మూడో ఫీల్డు దాటలేకపోయాను. ఆ కోడ్ రాసింది నేనే.