'వద్దు' బటన్ ఎక్కడుంది?

విమానం టికెట్ బుక్ చేస్తుంటే మధ్యలో ఓ పాపప్ వస్తుంది. ఇన్సూరెన్స్ కావాలా అని. కావాలంటే ఇంత పెద్ద పచ్చ బటన్. వద్దంటే మాత్రం 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అన్న వాక్యం మీద నొక్కాలి. నాలుగు డబ్బులు మిగుల్చుకుందాం అనుకున్నందుకు మన నోటితోనే మనకి శాపనార్థాలు పెట్టిస్తారన్నమాట! ఇది నేను కల్పించిన ముచ్చట కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2023 నవంబర్ 30న తెచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాటే ఉదాహరణగా ఉంది. దీనికి కన్ఫర్మ్ షేమింగ్ అని పేరు. సిగ్గుపడేలా చేసి 'సరే' అనిపించుకోవడం.

ఆ జాబితాలో ఇలాంటివి 13 ఉన్నాయి. అన్నిటినీ కలిపి డార్క్ ప్యాటర్న్స్ అంటున్నారు. 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ పెట్టిన పేరది. పదమూడూ ఇక్కడ వల్లించను, మీరు రోజూ చూసేవే. అడక్కుండా కార్ట్‌లోకి దూరే విరాళం, స్టాకు బోలెడు ఉన్నా 'ఇంకా రెండే మిగిలాయి' అని పెట్టే తొందర, చివరి పేజీలో మాత్రమే బయటపడే ఫీజు, మూసేద్దామని ఇంటూ గుర్తు నొక్కితే ఇంకో యాడ్ తెరిచే పాపప్. నన్ను ఆపేసింది మాత్రం వీటన్నిటికంటే అమాయకంగా కనిపించే ఒకటి. ఏదైనా కొంటారా అని అడిగే పాపప్‌లో 'వద్దు' అన్న మాటని లేత రంగులో వేయడం.

రంగే కదా, దానికింత గొడవేంటి అనిపిస్తుంది. వెబ్‌సైట్లు అందరికీ కనపడేలా ఉండాలంటే ఏం చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. తెల్ల కాగితం మీద నల్ల సిరా అయితే ఇది 21కి 1. డిజైనర్లు తెగ వాడే 999999 కోడ్ బూడిద రంగు ఉంది చూశారూ, దాన్ని తెలుపు మీద వేస్తే 3 కూడా దాటదు. అలాంటి రంగులో రాసిన 'వద్దు' ఇరవై ఏళ్ల కళ్లకి చిరాకు తెప్పిస్తుంది, అంతే. చూపు మందగించిన కళ్లకి అసలు ఉన్నట్టే తెలియదు. మనల్ని విసిగించడానికి వేసిన ఎత్తుగడ పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికి తలుపుకి తాళం వేసినట్టు అవుతోంది.

మా మేనత్త ఫోన్‌లో అక్షరాల సైజు చివరంటా పెంచి ఉంటుంది. ఒకరోజు ఏదో బిల్లు కట్టబోయి, మధ్యలో వచ్చిన పాపప్ దగ్గర ఆగిపోయింది. "ఒరేయ్, దీంట్లో వద్దు అనేది ఎక్కడుందిరా?" అంది. ఫోన్ తీసుకుని చూశా. అక్షరాలు పెద్దవయ్యేసరికి 'కొనండి' బటన్ తెర నిండా పరుచుకుంది. 'వద్దు' కిందికి జారి తెర అవతల ఎక్కడో పడింది. పైకి తోస్తే అప్పుడొచ్చింది, అదీ బూడిద రంగులోనే. "లేదనుకుని కట్టేద్దామనుకున్నాన్రా" అంది అత్త. నూట తొంభై తొమ్మిది రూపాయలు! ఆమె తెలియక కాదు ఆగింది. అంతకుముందు మూడు స్టెప్పులూ నన్ను పిలవకుండానే దాటింది.

తెలుగు వాళ్లకి దీనికి తోడు ఇంకో బాధ. బటన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడా కొలిచి పెడతారు. మన అక్షరాలకి పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉంటాయి. భాష మార్చగానే కింది వత్తు తెగిపోతుంది. 'రద్దు'లో వత్తు పోతే మిగిలేది 'రదు'. దానికి తోడు అనువాదం. 'ఆర్డర్ రద్దు చేయాలా?' అని అడిగి, కింద 'రద్దు', 'సరే' అని రెండు బటన్లు పెడితే ఏది నొక్కాలి? రద్దుని రద్దు చేయడమా, ఆర్డర్‌ని రద్దు చేయడమా? 'అవును, ఆర్డర్ వద్దు' అని రాస్తే పోయేదేముంది!

అత్తకి కనీసం వెతికితే దొరికింది. చూపే లేనివాళ్లు ఫోన్ ఎలా వాడతారో ఎప్పుడైనా గమనించారా? ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అని ఉంటుంది. వేలు పెట్టినచోట ఏముందో చదివి వినిపిస్తుంది. యాప్ చేసినవాళ్లు బటన్‌కి పేరు రాసి ఉంటేనే చదువుతుంది. బొమ్మ మాత్రమే పెట్టి వదిలేస్తే పేరు లేని బటన్ అని చెప్పి ఊరుకుంటుంది. అది డబ్బు పంపేదో, వెనక్కి వెళ్లేదో ఆ మనిషి ఊహించుకోవాలి. రాయాల్సింది ఒక్క లైను. (సరదాకి టాక్‌బ్యాక్ ఆన్ చేసేవాళ్లు ఆపడం ఎలాగో ముందే చూసిపెట్టుకోండి. ఆన్ అయ్యాక ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే పని చేస్తుంది.)

ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతే. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఈ-కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పి చూపించమని అడిగేవారు. యాసిడ్ దాడిలో కనురెప్పలు పోగొట్టుకున్న మనిషి ఎలా ఆర్పుతుంది? ఫ్రేమ్‌లో ముఖం సరిగ్గా ఉందో లేదో అంధులకి ఎలా తెలుస్తుంది? వాళ్లే పిటిషన్లు వేశారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అంటూ 20 ఆదేశాలు జారీ చేసింది. కళ్లార్పడం ఒక్కటే కాకుండా వేరే దారులూ ఉండాలన్నది వాటిలో ఒకటి.

చేతకాక ఇలా చేస్తున్నారనుకోవడానికి నాకు మనసొప్పదు. 'పే' బటన్ కనపడటం లేదని ఎవరైనా చెబితే టీమ్ మొత్తం రాత్రికి రాత్రి కూర్చుని సరిచేస్తుంది. 'వద్దు' కనపడటం లేదంటే టికెట్ నంబర్ ఇచ్చి పంపిస్తారు.

అమెజాన్ కథ వినండి. ప్రైమ్‌లో చేరడం ఒకట్రెండు క్లిక్కుల పని. బయటికి రావాలంటే 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఆప్షన్లు అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో కేసు వేసింది. ఆ బయటికొచ్చే దారికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అట. గ్రీకుల సుదీర్ఘ యుద్ధం మీద హోమర్ రాసిన కావ్యం పేరు. మనవాళ్లయితే కురుక్షేత్రం అని పెట్టేవాళ్లేమో, అదైతే కనీసం 18 రోజుల్లో ముగుస్తుంది! 2025 సెప్టెంబర్‌లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అందులో 150 కోట్లు కస్టమర్లకి వెనక్కివ్వాలి. నాకు డబ్బు లెక్క కంటే ఇంకో షరతు నచ్చింది. ప్రైమ్ వద్దనుకునేవాళ్లకి స్పష్టంగా కనపడే బటన్ ఉండాలి. 'నాకు ఉచిత డెలివరీ వద్దు' అని మనతో అనిపించే బటన్ ఇక కుదరదు.

మన దగ్గర 2025 జూన్‌లో సీసీపీఏ ఈ-కామర్స్ కంపెనీలకి మూడు నెలల గడువిచ్చి, మీ యాప్‌లలో డార్క్ ప్యాటర్న్స్ ఉన్నాయేమో మీరే ఆడిట్ చేసుకోండి అంది. మన పేపర్ మనమే దిద్దుకుంటే మార్కులెలా వస్తాయో స్కూల్లో చూసినవాళ్లమే. అందుకని ఫిర్యాదులు మన వైపు నుంచి వెళ్తూ ఉండాలి. అడక్కుండా కార్ట్‌లో ఏదైనా చేరినా, సబ్‌స్క్రిప్షన్ ఆపే దారి దొరక్కపోయినా స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి మొదటి పేజీ నుంచి మళ్లీ వెళ్లండి. తేదీ, టైమ్ కనపడేలా చూసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. ఆ రికార్డింగ్ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో జరిగితే మాత్రం అక్షరాల సైజు తగ్గించకుండా, వాళ్లకి ఎలా కనపడుతోందో అలాగే రికార్డ్ చేయండి.