అయిదు రూపాయల ప్యాకెట్టూ, అమ్మ మీద నిందా

"పిల్లలు అన్నం ముట్టడం లేదండీ, ప్యాకెట్ల మీదే బతుకుతున్నారు!" ఏ నలుగురు ఆడవాళ్లం కలిసినా ఈ మాట రాకుండా ఉండదు. అది చివరికి ఎక్కడ తేలుతుందో కూడా మనకు తెలుసు. ఈ కాలం తల్లులకు బద్ధకం ఎక్కువైపోయిందట! ఈ తీర్పు నాకు ఎప్పుడూ మింగుడు పడదు. అందులోనూ తెల్లారకముందే కూలికి వెళ్లే తల్లికీ, కారులో ఆఫీసుకు వెళ్లే తల్లికీ ఒకే తీర్పు చెప్పేస్తుంటే మరీను.

ముందు ఏ తిండి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. ఆవకాయ, వడియాలు, అప్పడాలు కూడా నిలవ తిండే. వాటితో ఈ పేచీ లేదు. బండి మీది మిరపకాయ బజ్జీ ఆరోగ్యానికి మంచిదని నేననను గానీ, అది కూడా ఈ లెక్కలోకి రాదు. శనగపిండి, నూనె, మిరపకాయ... అన్నీ మన వంటింట్లో ఉన్నవే కదా. బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటేరో బృందం 2009లో ఆహారాన్ని, దాన్ని ఫ్యాక్టరీలో ఎంత మార్చారన్న దాన్ని బట్టి విభజించింది. ఆ వరసలో చివరిది 'అల్ట్రా ప్రాసెస్డ్'. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఎమల్సిఫయర్, మాల్టోడెక్స్‌ట్రిన్, అంకెలు వేసిన రంగులు, రుచి పెంచే పదార్థాలు... ఏ వంటింటి పోపులడబ్బాలోనూ దొరకని సరుకులుంటే అది ఆ జాతిదే. క్రీము బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్, కూల్‌డ్రింకులు, చాలా రకాల చాక్లెట్ పాలపొడులు అన్నీ ఇందులోకే వస్తాయి.

వీటి వాడకం డబ్బున్న ఇళ్లలోనే మొదలైంది. ఇప్పటికీ వీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టేది వాళ్లే. కానీ తేడా తగ్గిపోతోంది. ప్రభుత్వ వినియోగ సర్వేల్లో పానీయాలు, ఫలహారాలు, ప్రాసెస్ చేసిన ఆహారం కలిపి ఒక పద్దు ఉంటుంది. టీ, హోటల్ భోజనం కూడా అందులోనే ఉంటాయి కనుక అదంతా ప్యాకెట్ల ఖర్చే అనుకోకూడదు. అయినా చూడండి. 1999-2000లో ఇంటి ఖర్చులో ఈ పద్దు పట్నాల్లో 6 శాతం పైచిలుకు, పల్లెల్లో 4 శాతం పైచిలుకు. 2023-24 నాటికి పట్నంలో 11 శాతం, పల్లెలో దాదాపు 10 శాతం అయింది. పళ్ల ఖర్చు మాత్రం రెండుచోట్లా 4 శాతం దాటలేదు.

ఒకే బిస్కెట్టు రెండు ఇళ్లలోకి రెండు దారుల్లో వస్తుంది. కలిగినవారింట్లో అది ఫోన్ నొక్కిన పది నిమిషాల్లో వచ్చే సరదా. ఫ్రిజ్‌లో పళ్లుంటాయి, పాలుంటాయి, వంటమనిషి చేసిన ఉప్మా ఉంటుంది. వాటి పక్కన ఇదొకటి. లేనివారింట్లో అదే పొద్దుటి టిఫిను. మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడ్ని నేనే అడిగాను, పిల్లాడికి రోజూ టీలో బిస్కెట్లేనా అని. "అయిదున్నరకి బయల్దేరతానమ్మా. గ్యాసు బండ నెలాఖరుదాకా రావాలి గదా. ఇడ్లీ పిండి రుబ్బిపెడితే దాచడానికి ఫ్రిజ్జేదీ?" అంది. డజను అరటిపళ్లు అరవై రూపాయలు, గుడ్డు ఆరేడు రూపాయలు. బిస్కెట్ ప్యాకెట్ అయిదే. కుళ్లదు, వండక్కర్లేదు, పిల్లాడు మారాం చేయడు. ఆవిడ లెక్కలో ఎక్కడ తప్పుందో చెప్పండి! కంపెనీలూ ఈ లెక్క కట్టే, ధర కదపకుండా లోపలి బరువు తగ్గిస్తూ వస్తున్నాయి.

కడుపు నిండుతుంది కదా అంటారా? 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 20 మందికి రెండు వారాలు ఈ రకం తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టి చూశాడు. చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లోనూ సమానంగా ఉండేలా వడ్డించారు. అయినా ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్లు రోజుకి సుమారు 500 కేలరీలు అదనంగా తినేశారు. అంటే ఈ తిండి మనచేత ఇంకా ఇంకా తినిపిస్తుందన్నమాట. మన దగ్గర 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువు ఉన్నవాళ్లు. రక్తహీనత చూస్తే రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. దీనికంతటికీ ప్యాకెట్లే కారణమని అనను. కానీ ఒళ్లు పెరిగి రక్తం తగ్గే స్థితిలో ఉన్నవాళ్లకి మైదా, చక్కెర, పామాయిల్ పెడితే ఏమవుతుంది?

చదువుకున్న తల్లులం మనం మరో రకంగా బోల్తా పడతాం. అట్టపెట్టె మీద 'మిల్లెట్', 'మల్టీగ్రెయిన్' అని ఉంటే చాలు, ఇంకేమీ చూడం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఆన్‌లైన్ దుకాణాలు 'హెల్త్ డ్రింక్' విభాగంలోంచి ఆ పాలపొడుల్ని తీసేయాలని చెప్పింది. మన చట్టంలో అలాంటి పానీయమంటూ ఏదీ లేదు మరి! ఏళ్ల తరబడి ఎంత నమ్మకంగా కలిపి తాగించాం పిల్లలకి!

మరి వండేదెవరు? 2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. 'ఇంట్లో వండిపెట్టాలి' అని ఉపన్యాసం ఇచ్చే పెద్దమనుషులు ఈ రెండంకెల మధ్య తేడా గురించి నోరెత్తరేం? బడిలో పెట్టే తిండి ఇక్కడ నిజంగా ఆదుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023లో రాగిజావ చేర్చారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లకి ఆ గ్లాసుడు జావ ఎంతటిదో టీచర్లని అడగండి. అంగన్‌వాడీలో గుడ్డు సరిగ్గా అందుతోందా లేదా అని నిలదీయడం, బడి గేటు ముందర చిప్స్ కొట్టు మీద పిల్లల్ని తిట్టడం కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నూడుల్స్, చాక్లెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దించారు. కూల్‌డ్రింకుల మీద మాత్రం 40 శాతం వేశారు. అదే ఏడాది జనవరిలో కేంద్రం వెలువరించిన ఆర్థిక సర్వేనేమో ఇలాంటి తిండి మీద పన్ను పెంచడం మంచిదని రాసింది! చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి గుర్తు ముద్రిస్తున్నారు. మనవాళ్లు 2022 ముసాయిదాలో ప్రతిపాదించింది నక్షత్రాలు. అయిదింటికి రెండు నక్షత్రాలున్నా అది మెప్పులాగే కనబడుతుంది. మా వీధిలో పనిచేసే ఆవిడకి చదువు రాదు. నల్లగుర్తయితే ఆవిడకి ఒక్కసారి చెబితే చాలు.