సముద్ర తీరానికి వెళ్ళే ముందు

గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు అమెరికాలోని డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రులు విజిట్ వీసాపై త్వరలో అతని ఇంటికి వెళ్ళనున్నారు. సెప్టెంబరులో అందరూ కలసి మెక్సికో దేశపు కరీబియన్ తీరంలోని కాన్‌కూన్ పట్టణంలో పది రోజులు గడపాలని కుమారుని కోరిక. ఆ నెలలో టిక్కెట్లు, గదులు చవకట. “బీచ్ అంటే బేషరమ్ జనం తిరిగే చోటు, అక్కడ మనకేం పని?” అని తండ్రి ఫోనులోనే మందలించారు. “మీకు సముద్రం చూపించాలనుకున్నాను అబ్బా, మీరు నన్ను దారితప్పినవాడిలా చూస్తున్నారు” అని కుమారుడు నొచ్చుకున్నాడు. రెండు వారాలుగా అతని నుండి ఫోను లేదు. “మౌలానా సాహెబ్, అక్కడికి వెళ్ళడం హరామా? వెళితే ఎప్పుడు వెళ్ళాలి, ఏం సర్దుకోవాలి? వాడి మనసు ఎలా కుదుటపడుతుంది?” అని ఆ తల్లి అడిగారు.

ఇలాంటి ప్రశ్నలు ఇప్పుడు అనేక ఇళ్ళలో వినిపిస్తున్నాయి. కనుక అందరి కోసం ఇక్కడ సమాధానం వ్రాస్తున్నాము.

ముందు అసలు విషయం. సముద్రం అల్లాహ్ నిదర్శనాలలో ఒకటి. భూమిపై సంచరించి చూడమని దివ్యఖుర్ఆన్ పదే పదే పురికొల్పుతుంది. తీరం దానంతట అది హరామ్ కాదు. అక్కడ మనం ఏమి చూస్తాము, ఏమి ధరిస్తాము, ఏమి తింటాము, నమాజును ఏమి చేస్తాము అన్నవాటిపైనే హలాల్ హరామ్‌ల తీర్పు ఆధారపడి ఉంటుంది. అయితే ఒక మాట. తల్లిదండ్రులపై హజ్ ఫర్జ్ అయి ఉండి ఇంకా నెరవేరకపోతే, ఆ డబ్బుకు మొదటి దారి అటువైపే. వడ్డీతో కూడిన అప్పుపై విహారం చేయడం కూడా తగదు. ఈ రెండు ఆటంకాలు లేనివారి గురించే మిగతా మాటలు.

మందలించిన ఆ తండ్రిని మేము నిందించలేము. ఒకప్పుడు మేమూ అదే చేశాము. మా దగ్గర చదివే పిల్లలు కొందరు బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళతామని అడిగారు. “ఖబర్దార్, అటు పోవద్దు” అని ఒక్క మాటతో ముగించాము. సెలవు రోజున వారు చెప్పకుండా వెళ్ళారు. ఒక పిల్లవాడిని అల లాక్కుపోయింది. అల్లాహ్ దయవల్ల అక్కడి జాలరులు చూసి ఒడ్డుకు చేర్చారు. మరుసటి రోజు వాడు మా ముందు నిలబడి, “నేను లోతుకు వెళ్ళలేదు హజ్రత్, మోకాళ్ళ లోతులోనే ఉన్నాను, కాళ్ళ కింద ఇసుక జారిపోయింది” అన్నాడు. వాడికి సముద్రం స్వభావం తెలియదు. తెలియజెప్పవలసిన మేము వద్దన్నాము తప్ప నేర్పలేదు. ఈతను వృథా కాలక్షేపాల కోవలో చేర్చలేదని హదీసు పాఠాలలో బోధిస్తూనే, ఈత రాని పిల్లలను గదమాయించి పంపాము. ఆ రోజు నుండి ఈ విషయంలో ఒక్క మాటతో ముగించడం మానుకున్నాము.

ఇక ఋతువు సంగతి. సెప్టెంబరు వద్దని మేమూ అంటున్నాము, కాని తండ్రి చెప్పిన కారణం వేరు, మా కారణం వేరు. ఆ మహాసముద్రంలో తుపానుల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో అది తీవ్రరూపం దాలుస్తుంది. సెప్టెంబరు 10 ప్రాంతం దానికి శిఖరం. ఆ నెలలో గదులు చవకగా ఉండడానికి కారణం ఇదే. 1988 సెప్టెంబరులో గిల్బర్ట్ అనే తుపాను ఆ తీరాన్నే తాకింది. 2005 అక్టోబరులో విల్మా అనే తుపాను ఒక రోజుకు పైగా అక్కడే తిష్ఠ వేసింది. 1977 నవంబరు 19న దివిసీమలో ఏమి జరిగిందో పెద్దల నోట విన్న మనకు తుపాను అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు దానిపై ప్రయాణించేవాడు తన రక్షణ హామీని తానే కోల్పోతాడన్న భావం హదీసులో ఉన్నది. నీట మునిగి చనిపోయినవారికి షహీదు స్థానం ఉన్నదన్న శుభవార్త దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఓదార్పు, ప్రమాదాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవానికి అనుమతి కాదు. ముందు ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం మోపడమే తవక్కుల్.

మరి ఎప్పుడు వెళ్ళాలి? డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ వానలు తక్కువ. జనవరిలో పగలు 28 డిగ్రీల సెల్సియస్, రాత్రి 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడప్పుడు ఉత్తరపు గాలి వీచి రెండు మూడు రోజులు చలి పెడుతుంది, సముద్రం ఎగసిపడుతుంది. ఆగస్టులో ఎండ 33 డిగ్రీలు దాటుతుంది, ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతే. ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు మరొక బెడద ఉన్నది. సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు 2011 నుండి ఆ తీరాలకు పెద్ద ఎత్తున కొట్టుకువస్తున్నది. అది ఒడ్డున కుళ్ళినప్పుడు కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది మంచిది కాదు. ఇస్లా ముహేరెస్ ద్వీపపు ఉత్తర తీరంలో, కోసుమెల్ ద్వీపపు పడమటి తీరంలో ఈ నాచు తక్కువ. క్రిస్మస్ రోజులలో ధరలు మండిపోతాయి. మార్చిలో అమెరికా కళాశాలల విద్యార్థులు సెలవులకు వచ్చి తాగి తిరుగుతారు. ఇవన్నీ తీసివేస్తే డిసెంబరు మొదటి రెండు వారాలు, లేదా జనవరి చివరి నుండి ఫిబ్రవరి వరకు గడిచే రోజులు మన కుటుంబాలకు అనువైనవి. రమజాన్ ఏ నెలలో వస్తుందో చూసుకొని నిర్ణయించుకోవాలి.

బస విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడి పెద్ద హోటళ్ళు తిండితో పాటు మద్యాన్ని కూడా ఒకే ధరలో కలిపి అమ్ముతాయి. మనం ముట్టని మద్యానికి మన డబ్బు చెల్లించడమేమిటి? మద్యం వడ్డించే బల్ల వద్ద కూర్చోవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే తిండి చింత, ఈ చింత రెండూ తీరుతాయి. మెక్సికోలో సముద్ర తీరం చట్టరీత్యా ప్రజలందరిది. కనుక ఫజ్ర్ నమాజు తరువాత, జనం రాకముందే తీరానికి వెళ్ళవచ్చు. ఎండ లేని ఆ సమయమే వృద్ధులకు, పర్దా పాటించే స్త్రీలకు అనుకూలం.

సంచిలో ఏమి ఉండాలి? వదులుగా, లేత రంగులో ఉండే నూలు బట్టలు. నీటిలోకి దిగేవారికి పూర్తి చేతులున్న ఈత దుస్తులు రెండేసి జతలు, ఎందుకంటే ఆ తేమలో బట్ట త్వరగా ఆరదు. ఇక్కడ మగవారికి ఒక మాట. పర్దా గురించి కోడలికి ఉపదేశించే మనవారు, తీరానికి వెళ్ళగానే పొట్టి నిక్కరుతో నిలబడతారు. బొడ్డు నుండి మోకాలి వరకు కప్పుకోవడం మగవారిపైనా విధి. చూపు దించుకోమన్న ఆజ్ఞ కూడా మొదట విశ్వాసులైన పురుషులకే వచ్చింది. ఒంటినిండా బట్ట ఉంటే లాభం ఇంకొకటి ఉన్నది. ఎండ నుండి కాపాడే లేపనాలలోని కొన్ని రసాయనాలు ఆ తీరం వెంట ఉన్న పగడపు దిబ్బలకు హాని చేస్తాయి. అందువల్ల చేతులు కప్పే దుస్తులే మేలని అక్కడివారు కూడా యాత్రికులకు చెబుతారు. సున్నపురాతి నేలలో ఏర్పడిన సెనోటే అనే నీటి గుంటలలో దిగే ముందు ఒంటిని కడుక్కొమ్మంటారు.

రాళ్ళు గుచ్చుకోకుండా రబ్బరు చెప్పులు, టోపీ, దోమల మందు, చలిగాలికీ ఏసీకీ ఒక పలుచని స్వెట్టరు, పలుచని జానమాజ్, ఇస్తింజా కోసం ఒక చిన్న నీళ్ళ సీసా పెట్టుకోండి. చక్కెర వ్యాధి, రక్తపోటు మందులు నాలుగు రోజులకు ఎక్కువే తీసుకొని, చీటీతో సహా చేతి సంచిలో ఉంచండి. ఇన్సులిన్‌ను ఎండలో వదలకూడదు. కుళాయి నీరు తాగకండి. తల్లిదండ్రులు తిరిగి అమెరికాలోకి రావాలి కనుక వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో బయలుదేరకముందే చూసుకోండి.

నీటి దగ్గర జెండాలు చూడండి. ఆకుపచ్చ అయితే క్షేమం, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ప్రమాదం, నలుపు అయితే ప్రవేశం లేదు. నీటి లాగు లోపలికి ఈడ్చుకుపోతుంటే దానికి ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ లాగు నుండి బయటపడి, ఆ తరువాతే ఒడ్డు వైపు తిరగండి. ఈత రానివారు నీటిపై తేలుతూ చేయి ఎత్తి సహాయం కోరాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారి కళ్ళు వారిపైనే ఉండాలి, ఫోనుపై కాదు. పిల్లలు మన చేతిలోని అమానత్.

నమాజు విషయం. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించి ప్రయాణించి, ఒకే ఊరిలో 15 రోజులకు తక్కువ ఉండాలనుకునేవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. సముద్రపు నీరు పరిశుద్ధమైనది, దానితో వుజూ చెల్లుతుంది. నీరు ఎదుట ఉండగా ఇసుకతో తయమ్ముమ్‌కు సాకు లేదు. మన ఊళ్ళలో ఖిబ్లా పడమర. సూర్యలంకలో నమాజు చేస్తే సముద్రం మన వీపు వెనుక ఉంటుంది. కాన్‌కూన్‌లో ఖిబ్లా దాదాపు ఈశాన్యం. తూర్పు ముఖంగా ఉన్న ఆ తీరంలో నిలబడితే సముద్రం ఎదురుగా ఉంటుంది, దానికి ఆవల కాబా ఉంటుంది. ఒకే గృహం వైపు భూమి నలుమూలల నుండి తిరిగే ఈ ముఖాలను తలచుకుంటే మనసు నిండుతుంది.

తిండిలో, అక్కడ పంది కొవ్వును ‘మాంతేకా’ అంటారు. చిక్కుడు గింజల ముద్దలో కూడా అది కలుస్తుంది, అడిగి తీసుకోండి. పంది మాంసం వద్దనడానికి ‘సిన్ సెర్దో’ అంటే చాలు. చేపలు మనకు సులువైన దారి. శంఖుపురుగులు, లాబ్‌స్టర్ హనఫీలకు తగవు, షాఫయీలకు అనుమతి ఉన్నది. కనుక ఒకే బల్లపై ఇద్దరూ తింటే ఒకరినొకరు ఆక్షేపించవద్దు. స్పానిష్ భాష వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. చక్కెరను ‘అసూకార్’ అంటారు, అది అరబీలోని అస్సుక్కర్. “అలా జరిగితే బాగుండు” అనడానికి వాడే ‘ఓహలా’ అన్న మాటలో అల్లాహ్ పేరే దాగి ఉన్నది.

సోదరీ, ఇక మీ మూడవ ప్రశ్న. ఆ ఊరి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక, డల్లాస్‌ది కూడా ఇంచుమించు అంతే. మన ఇషా వేళకు అక్కడ ఉదయం. ఈ రాత్రి ఇషా తరువాత మీ భర్తను పక్కన కూర్చోబెట్టుకొని ఫోను చేయండి. మొదటి మాట ఆయననే మాట్లాడనివ్వండి. “సెప్టెంబరు వద్దు బేటా, తుపానుల కాలం. ఫిబ్రవరిలో తీసుకువెళ్ళు, మేము వస్తాము. వంటగది ఉన్న ఇల్లు చూడు” అని ఆయన నోట వస్తే చాలు. అప్పటివరకు ఉండడానికి వీసా గడువు చాలకపోతే డిసెంబరు మొదటి వారమైనా అనండి. వద్దన్న మాటకు కారణం తోడైతే అది అనురాగంగా వినిపిస్తుంది. తల్లిదండ్రులకు సముద్రం చూపించాలన్న కోరిక ఉన్న కుమారుడు దారి తప్పినవాడు కాడు. వారి సేవకు దారి వెతుకుతున్నవాడు. ఆ దారిని సరిదిద్దడమే పెద్దల పని.

అల్లాహ్ మీ ఇంటిని కలిపి ఉంచుగాక, మీ ప్రయాణాన్ని క్షేమకరం చేయుగాక. ఆమీన్.