డిక్కీని లీటర్లలో కొలవొద్దు

రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ‘మరి సామానెక్కడ పెడతారు?’ కాలిఫోర్నియాలో ఏ తెలుగింటికి వెళ్లినా నాకిది ఎదురవుతూనే ఉంటుంది. ఆటపట్టించడానికే అడుగుతారేమో గానీ, ఈ రకం కారు కొనేముందు తేల్చుకోవాల్సిన అసలు సంగతి అదే. ఇంజను బలం గురించి కార్ల పత్రికలు పేజీలకు పేజీలు రాస్తాయి. డిక్కీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంకె వేసి ఊరుకుంటాయి. ఇద్దరు మనుషులు, రెండు రాత్రులకు సరిపడా బట్టలు. ఇవి పట్టకపోతే ఎంత మంచి కారైనా ఊళ్లో చక్కర్లు కొట్టడానికే. టాపు దించుకుని కొండదారుల్లో, సముద్రం పక్కన పోవడానికి పుట్టిన బండి ఊరే దాటలేకపోతే ఇక దేనికి?

పైగా ఆ ఒక్క అంకె కూడా కొనేవాళ్లకు ఏమీ చెప్పదు.

మా ఇంట్లో ఉన్నది మాజ్డా ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అంటే అందరికీ తెలుస్తుంది. 2015లో అమ్మకానికి వచ్చిన నాలుగో తరం బండి. డిక్కీ 130 లీటర్లని కంపెనీ లెక్క. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల పెద్ద సూట్‌కేసు ఒకటి తీసుకోండి. ఎయిర్‌లైన్స్ వాళ్లు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదంటారు. 76 పొడవు, 50 వెడల్పు, 32 మందం ఉంటే సరిగ్గా 158. మూడూ గుణిస్తే 121 లీటర్ల పైచిలుకు. కాగితం మీద ఆ పెట్టె మా డిక్కీలో పట్టి, ఇంకా ఎనిమిది లీటర్ల చోటు మిగలాలి. నిజానికి ఆ పెట్టె లోపలికే దిగదు. మూత తీస్తే కనిపించే నోరు దానికి చాలదు. లోపల అడుగు లోతుగానే ఉంటుంది కానీ ముందూ వెనకా పొడవు తక్కువ, పక్కలు ఎగుడుదిగుడు.

ఇంత తేడా ఎందుకంటే, ఆ లీటర్లు కొలిచే పద్ధతి అలాంటిది. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం పెట్టిన లెక్కే యూరప్‌లో చాలామంది వాడేది. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మలు తీసుకుంటారు. ఒక్కో దిమ్మ ఒక్కో లీటరు. వాటిని డిక్కీలో మూలమూలలా పేర్చి, మూత పడేలా చూసి, ఎన్ని పట్టాయో లెక్కపెడతారు. చక్రం గూడు పక్కన సందులో ఒక దిమ్మ దూరితే అదీ ఒక లీటరే. పెద్ద కార్లలో ఈ లెక్కతో పేచీ లేదు, సందులు పోయినా బోలెడు చోటుంటుంది. చిన్న కారులో మాత్రం ఆ సందులే సగం. దిమ్మలు దూరినచోట పెట్టె దూరదు. చొక్కాలు, శాలువాలు, చెప్పులు దూరతాయి.

అందుకే కంపెనీలు లీటర్లతో పాటు ఇంకో రెండు సంగతులు అచ్చేయాలని నేను గట్టిగా అడుగుతాను. డిక్కీ నోరు ఎంత వెడల్పు, ఎంత పొడవు? లోపలికి దిగే అతిపెద్ద పెట్టె కొలత ఎంత? క్యాబిన్ సైజు మెత్తటి బ్యాగులు రెండు పడతాయని మాజ్డా చెబుతుంది, అది నిజమే. 55, 40, 25 సెంటీమీటర్ల బ్యాగు ఒకటి 55 లీటర్లు, రెండు కలిస్తే 110. రెండు బ్యాగులు పడతాయన్న ఆ ఒక్క ముక్క 130 అనే అంకె కన్నా ఎక్కువ ఉపయోగం. అలాంటి ముక్క ప్రతి కంపెనీ బ్రోషర్‌లోనూ, ధర పక్కనే ఉండాలి.

ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్లకు చిన్న స్పోర్ట్స్ కార్ల రుచి చూపించిన బ్రిటిష్ ఎంజీ టీసీకి అసలు డిక్కీయే లేదు. వెనక పెట్రోలు ట్యాంకు, దానికి ఆనించి స్టెప్నీ. సామానంటే సీట్ల వెనక ఉన్న కాస్త జాగాయే. తర్వాత వచ్చిన ఎంజీఏకి డిక్కీ ఉంది కానీ అందులోకి స్టెప్నీ చొచ్చుకొచ్చింది. చాలామంది మూత మీద క్రోమియం కమ్మీల స్టాండు బిగించుకుని, పెట్టెను తోలు పట్టీలతో కట్టుకునేవాళ్లు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్, రెక్కల్లా పైకి లేచే తలుపుల కారు, అంత ఖరీదైనదానికీ డిక్కీ నిండా స్టెప్నీ, పెట్రోలు ట్యాంకే. సీట్ల వెనక జాగాకు కొలత తీసి కుట్టించిన తోలుపెట్టెలు విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఫొటోల్లో ఆ పెట్టెలు చూస్తే ముచ్చటేస్తుంది.

మియాటా పుట్టుక వెనక ఆ పాత బ్రిటిష్ కార్ల మీద మమకారం ఉంది. అలాంటి తేలిక కారు మళ్లీ రావాలని బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేకరి 1970ల్లో మాజ్డా ఇంజనీరు కెనిచి యమమోతోకు చెప్పాడు. ఆ యమమోతోయే తర్వాత కంపెనీ అధ్యక్షుడయ్యాడు. 1989లో షికాగో ఆటో షోలో బండి జనం ముందుకొచ్చింది. ఆ మొదటి తరం డిక్కీ తెరిస్తే స్టెప్నీ కనిపిస్తుంది, పక్కన బ్యాటరీ కనిపిస్తుంది. బ్యాటరీని ముందు బానెట్ కింద పెట్టకుండా వెనక్కి తెచ్చింది ముందూ వెనకా బరువు సమానంగా ఉండాలని. రెండో తరంలో స్టెప్నీ నేల కిందికి దిగింది. మా నాలుగో తరంలో స్టెప్నీయే లేదు. టైరులో పోసే మందు, గాలి కొట్టే చిన్న మిషను ఇచ్చి సరిపెట్టారు. బండి బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంచాలంటే ఇలాంటివి వదులుకోక తప్పదని నేను ఒప్పుకుంటాను. కానీ టైరు పక్కభాగం చిరిగితే ఆ మందు పనిచెయ్యదు. కాలిఫోర్నియాలో బిగ్ సర్ దగ్గర సముద్రం పక్కన మైళ్లకొద్దీ ఫోను సిగ్నలే ఉండదు. ఆ దారిన వెళ్లేవాళ్లు టార్చి, మంచినీళ్లు, ఒక దుప్పటి తప్పకుండా పెట్టుకోవాలి. చోటు లేదని వీటిని మానెయ్యొద్దు.

నేను మాజ్డాను అన్నిటికన్నా మెచ్చుకునేది టాపు విషయంలో. గుడ్డ టాపు మడిస్తే సీట్ల వెనక కూర్చుంటుంది, డిక్కీ జోలికి రాదు. మూడో తరంలో మీట నొక్కితే మడతపడే గట్టి టాపు తెచ్చినప్పుడు కూడా ఆ ఏర్పాటు చెడగొట్టలేదు. టాపు దించినా వేసినా డిక్కీ అంతే. ఇది చిన్న సంగతి కాదు. మెర్సిడెస్ ఎస్ఎల్‌కే టాపు దించితే అది డిక్కీలోకే వచ్చి కూర్చుంటుంది. డిక్కీ లోపల ఒక తెర లాగి ఉంచాలి, సామాను ఆ తెర దాటితే టాపు దిగదు. అంటే ఎండ కావాలా, పెట్టె కావాలా తేల్చుకోవాలి. పాంటియాక్ సోల్‌స్టిస్ చూడటానికి ఎంత అందమో! దాని డిక్కీ నడిమధ్య పెట్రోలు ట్యాంకు గూనిలా లేచి ఉంటుంది, మీదికి టాపు వచ్చి పడుతుంది. ఇక పెట్టె సంగతి దేవుడెరుగు, చేతిసంచీకే కష్టం. టొయోటా ఎంఆర్2 చివరి తరంలో సీట్ల వెనక మూతలున్న గూళ్లే దిక్కు. లోటస్ ఎలీజ్‌లో సామాను గుంట ఇంజను వెనకే ఉంటుంది, స్వీట్ల డబ్బా పెడితే వేడికి కరిగిపోతుంది. ఈ కార్లను తయారుచేసినవాళ్లు గొప్ప ఇంజనీర్లే. వాళ్లలో ఎవరో ఒకరు భార్యతోనో స్నేహితుడితోనో రెండు రోజుల ప్రయాణం కట్టి చూస్తే ఈ డిక్కీలు ఇలా ఉండేవి కావని నా నమ్మకం.

ఇక సర్దుకోవడం. పోయిన వేసవిలో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఆవిణ్ని మాంటెరే, బిగ్ సర్ తీసుకెళ్లాను. తన చక్రాల పెట్టె డిక్కీ అంచుకు తగిలి ఆగిపోయింది. అమ్మ ఒక్క నిమిషం డిక్కీలోకి వంగి చూసి, “పెట్టె ఎందుకే? పాత దుప్పట్లో మూట కట్టు, ఎక్కడ కావాలంటే అక్కడ దూరుతుంది” అంది. అలాగే చేశాం. చక్రాల పెట్టెలో చక్రాలు, లాగే కమ్మీలు, గట్టి మూలలు అన్నీ చోటు తినేవే. మూటకు అవేమీ లేవు. నా గుడ్డ బ్యాగు ఒక పక్క నిలబెట్టి, రెండో పక్క మూట నొక్కితే, మధ్యలో మిగిలిన సందులోకి చెప్పుల జతలు దిగాయి. మంచినీళ్ల సీసాలు అన్నిటికన్నా కింద, సీట్ల వైపుకు. శాలువాలు పైన.

నీళ్ల సీసాలు సీట్ల వైపుకే ఎందుకంటే, డిక్కీ వెనక చక్రాలకు అవతల ఉంటుంది. అక్కడ పెట్టిన బరువు కొసన వేలాడినట్టే. మలుపులో అది తోకను బయటికి లాగుతుంది, ముందు చక్రాల మీద భారం తగ్గిస్తుంది. రెండువేల కిలోల ఎస్‌యూవీలో నలభై కిలోల సామాను తెలియదు. వెయ్యి కిలోల బండిలో మొదటి వంపు దగ్గరే స్టీరింగ్‌లో తెలుస్తుంది. బరువైనవి కిందికి, ముందుకి. తేలికవి పైకి, వెనక్కి. మూత మీద స్టాండు కట్టి సామానెక్కించడం నాకు నచ్చనిది కూడా అందుకే. బరువు మరీ ఎత్తులో, మరీ వెనక్కి పోతుంది, వాన వస్తే అంతా తడుస్తుంది. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు అద్దాలు పగలగొట్టి సంచులు ఎత్తుకుపోవడం అందరికీ తెలిసిందే. కళ్లకు కనిపించేలా సామాను ఉంచి కాఫీకి వెళ్లడం మంచిది కాదు. అన్నీ మూత కింద పడాల్సిందే.

వచ్చేటప్పుడు ఏమైనా కొంటామన్న లెక్క కూడా ఉండాలి. శాన్‌హోసే నుంచి మాంటెరే వెళ్లే దారిలో గిల్రాయ్ తగులుతుంది, వెల్లుల్లికి పేరుపడ్డ ఊరు. అక్కడ దుకాణంలో వెల్లుల్లి జడలు వేలాడుతుంటే అమ్మ వదల్లేదు. అది నొక్కితే నలిగిపోయే సరుకు. అదృష్టవశాత్తూ శాలువాలు రెండూ ఒంటిమీదికి వచ్చేశాయి గనుక ఆ చోటు దొరికింది. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా మాత్రం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అమ్మ కాళ్ల దగ్గరే.

విమానాశ్రయానికి ఈ కారు తీసుకెళ్లను. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి, వాటిని ఏం చేసినా ఇందులో పట్టించలేం. మనిషి ఒక్కరే నడుపుకుంటూ వస్తే ఒక పెద్ద పెట్టెను పక్క సీట్లో కూర్చోబెట్టొచ్చు. దానికి సీటు బెల్టు పెట్టాలి. లేకపోతే ఎవరో కూర్చున్నారనుకుని బండి కీచుమంటూనే ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు పెట్టె ముందుకొచ్చి డాష్‌బోర్డును గుద్దుతుంది.

ఇలాంటి కారు చూడటానికి షోరూమ్‌కు వెళ్తే మీరు రోజూ వాడే బ్యాగులు రెండూ చేత పట్టుకెళ్లండి. నిజంగా బట్టలు నింపినవి. టాపు వేసి ఉన్నప్పుడు ఒకసారి, దించాక ఒకసారి డిక్కీలో పెట్టి మూత వేయండి. మామూలుగా అమ్మేవాళ్లు ఇందుకు అడ్డు చెప్పరు. చెబితే ఇంకో షోరూమ్ చూసుకోండి. టెస్ట్ డ్రైవ్ ఆ తర్వాత.