బీరువాలో హార్డ్ డిస్క్

న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళాశాలకి 2006లో బ్రూస్ కోవ్నర్ అనే ఆయన 139 అరుదైన సంగీత ప్రతులు ఇచ్చాడు. అందులో బీథోవెన్ చేత్తో రాసుకున్న 'గ్రోసె ఫ్యూగె' ఉంది. ఆ కొట్టివేతల్ని, పైన అతికించిన కాగితం ముక్కల్ని నేను హైదరాబాదులో కూర్చుని, పైసా కట్టకుండా, జూమ్ చేసి మరీ చూశాను. (నాకు నొటేషన్ చదవడం రాదు, అది వేరే సంగతి.)

మరి మన దగ్గర? పాత పద్యనాటకాల రాతప్రతుల కోసం ఓ కళాశాల లైబ్రరీకి వెళ్తే "అన్నీ స్కాన్ చేయించేశాం సార్" అన్నారు. ఎక్కడున్నాయి? హార్డ్ డిస్క్‌లో. అదెక్కడ? బీరువాలో. తాళం? పెద్దసారు దగ్గర. ఆయన సెలవులో.

నిధుల్లేవనే సాకు ఇక్కడ చెల్లదు. ఖర్చయ్యే పని స్కానింగే, అది అయిపోయింది. "బయటపెడితే ఎవడో కాపీ కొట్టేస్తాడండీ" అంట! కొట్టనివ్వండి. 1885 నుంచీ సురభి నాటకం బతికింది ఒక తరం నోటి నుంచి ఇంకో తరం నోటికి కాపీ అయ్యే కదా. పైగా ఒకే ఒక్క డిస్క్‌లో ఉన్నదాన్ని మా వృత్తిలో భద్రపరచడం అనరు.

అంతా ఒకేసారి ఆన్‌లైన్లో పెట్టమనట్లేదు. ఆ డిస్క్‌లో ఏమేం ఉన్నాయో జాబితా రాసి లైబ్రరీ గోడకి అంటించండి. తాళం మీ దగ్గరే ఉంచుకోండి.