బాగ్రాం వైమానిక స్థావరం

బాగ్రాం వైమానిక స్థావరం ఆఫ్ఘనిస్తాన్ దేశంలోని పర్వాన్ రాష్ట్రంలో గల ఒక పెద్ద సైనిక విమానాశ్రయం. ఇది రాజధాని కాబూలుకు ఉత్తరాన, రోడ్డు మార్గాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, షొమాలీ మైదానంలో ఉన్నది. 1979 తరువాత ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగిన ప్రతి యుద్ధంలోనూ ఈ స్థావరానికి ప్రముఖ స్థానం కలదు. 2021 ఆగస్టు నుండి ఇది తాలిబాన్ల అధీనంలో ఉన్నది.

ప్రాంత విశేషాలు

ఈ స్థావరానికి సమీపంలోనే ప్రాచీన కాపిశి నగర శిథిలాలు ఉన్నవి. కుషాణుల కాలంలో ఇది ముఖ్య పట్టణం. 1937-39 మధ్య ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు ఇక్కడ జరిపిన త్రవ్వకాలలో భారతీయ శైలికి చెందిన దంతపు శిల్పాలు లభించాయి. ఉత్తరాన హిందూకుష్ పర్వతాలను దాటించే సలాంగ్ రహదారి ఈ మైదానం గుండానే కాబూలుకు చేరుతుంది. బాగ్రాం ప్రాముఖ్యానికి ఈ మార్గమే ముఖ్య కారణం.

సోవియట్ కాలం

ఈ విమానాశ్రయం 1950 దశకంలో సోవియట్ సహాయంతో నిర్మింపబడినది. 1959 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాబూలు పర్యటనకు వచ్చినపుడు ఇక్కడే దిగాడు. ఆనాడు రెండు అగ్రరాజ్యాలూ ఆఫ్ఘనిస్తాన్‌కు సహాయం అందించడంలో పోటీ పడేవి. 1976లో సుమారు 3 కిలోమీటర్ల పొడవైన రన్‌వే నిర్మించారు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు విమానాలలో పెద్ద ఎత్తున ఇక్కడ దిగాయి. తరువాతి దశాబ్దంలో ముజాహిదీన్లపై వైమానిక దాడులకు ఇది కేంద్రమయింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు దేశాన్ని విడిచి వెళ్ళాయి.

అంతర్యుద్ధం

1996లో తాలిబాన్లు కాబూలును ఆక్రమించారు. 1999 నుండి 2001 వరకు వారికీ, ఉత్తర కూటమికీ మధ్య యుద్ధరేఖ ఈ స్థావరం పరిసరాలలోనే ఉండేది. రన్‌వే నిరుపయోగమై పోయింది. చుట్టుపక్కల ద్రాక్షతోటలు, పండ్లతోటలు తగులబడి, ప్రజలు వలస పోవలసి వచ్చింది.

అమెరికా కాలం

2001 నవంబరులో బ్రిటిష్, అమెరికన్ దళాలు ఇక్కడ ప్రవేశించాయి. 2006లో సుమారు 3.6 కిలోమీటర్ల పొడవైన రెండవ రన్‌వే సిద్ధమయింది. స్థావరం ఒక చిన్న పట్టణంగా పెరిగింది. అయినా, 2007 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ లోపల ఉండగానే ద్వారం వద్ద ఆత్మాహుతి దాడి జరిగి 20 మందికి పైగా మరణించారు.

ఇక్కడి నిర్బంధ కేంద్రం తీవ్ర విమర్శలకు గురయింది. 2002 డిసెంబరులో ఇద్దరు ఆఫ్ఘన్ ఖైదీలు సైనికుల దెబ్బలకు చనిపోయారు. 2013 మార్చిలో జైలును ఆఫ్ఘన్ ప్రభుత్వానికి అప్పగించారు.

2020 ఫిబ్రవరి 29న కుదిరిన దోహా ఒప్పందాన్ని అనుసరించి అమెరికన్లు 2021 జూలై మొదట్లో రాత్రివేళ స్థావరాన్ని ఖాళీ చేశారు. వారు వెళ్ళిన సంగతి తమకు కొన్ని గంటల తరువాతనే తెలిసిందని ఆఫ్ఘన్ సేనాధికారి చెప్పాడు. ఆగస్టు 15న తాలిబాన్లు స్థావరాన్ని స్వాధీనం చేసుకొని, జైలులోని వేలాది ఖైదీలను విడిచిపెట్టారు. అదే రోజున కాబూలు కూడా వారి వశమయింది.

ప్రస్తుత వివాదం

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ బాగ్రాం తిరిగి తమకు కావాలని ప్రకటించాడు. చైనా అణ్వాయుధ కేంద్రాలకు ఇది దగ్గరగా ఉన్నదని అతని వాదన. దోహా ఒప్పందాన్ని గుర్తుచేస్తూ తాలిబాన్లు దీనిని తిరస్కరించారు. 2025 అక్టోబరులో జరిగిన మాస్కో సమావేశంలో రష్యా, చైనా, ఇరాన్, పాకిస్తాన్‌లతో పాటు భారతదేశం కూడా, ఆఫ్ఘనిస్తాన్‌లో విదేశీ సైనిక సదుపాయాలు ఆమోదయోగ్యం కావని ఉమ్మడి ప్రకటన చేసింది. ఆ ప్రకటనలో బాగ్రాం పేరు లేదు. ఇతర విషయాలలో విభేదించే భారత్, పాకిస్తాన్‌లు ఇక్కడ ఏకీభవించడం గమనించదగినది.

విశ్లేషణ

బాగ్రాం చేతిలో ఉంటే ఆఫ్ఘనిస్తాన్ చేతిలో ఉన్నట్లేనని పలువురు భావిస్తారు. చరిత్ర దీనిని బలపరచదు. సోవియట్లకు ఈ స్థావరం పదేళ్ళు, అమెరికన్లకు దాదాపు ఇరవై ఏళ్ళు అధీనంలో ఉన్నది. సేనలను త్వరగా దింపడానికీ, దాడులు చేయడానికీ ఇది ఉపకరించింది కాని, గ్రామాలలో పాలన నిలపలేకపోయింది. పైగా రన్‌వేను కాపాడుకోవాలంటే చుట్టూ ఉన్న మైదానాన్నీ, రహదారులనూ కాపాడుకోవాలి. 2021లో బాగ్రాంను నిలుపుకోవాలంటే 5,000 మంది వరకు సైనికులు అవసరమయ్యేవారని అమెరికా రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ సెనేటుకు తెలిపాడు. అప్పట్లో ప్రభుత్వ మద్దతు ఉన్నప్పుడే అంతమంది అవసరమైతే, స్థానిక ప్రభుత్వమే వ్యతిరేకించే పరిస్థితిలో దానిని తిరిగి పొందడం మరింత కష్టసాధ్యం.