ఎక్స్ దగ్గర ఆగినవాళ్లు

ఒక మేస్త్రీ కింద ఆరుగురు కూలీలు. పని ఎక్కడ జరిగినా ఇదే లెక్క అనుకుందాం. కూలీల సంఖ్యను ‘కూ’ అని, మేస్త్రీల సంఖ్యను ‘మే’ అని పెట్టుకుని, ఆ రెండింటి సంబంధాన్ని సమీకరణంగా రాయమంటే చాలామంది ఆలోచించకుండా 6కూ = మే అని రాసేస్తారు. నలుగురు మేస్త్రీలుంటే కూలీలెందరని వాళ్లనే నోటితో అడగండి, ఇరవై నాలుగని తడుముకోకుండా చెబుతారు. వాళ్లు కాగితం మీద రాసిన దాని ప్రకారం మాత్రం 24 మంది కూలీలకు 144 మంది మేస్త్రీలు! రాయాల్సింది కూ = 6మే.

ఈ లెక్క నేను పుట్టించింది కాదు, వేషం మాత్రమే మార్చాను. 1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్ బృందం దీన్నే విద్యార్థులూ ప్రొఫెసర్లూ అన్న పేర్లతో అడిగింది. మొదటి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థులు 150 మందిలో 37 శాతం తప్పు రాశారు. అందరూ ఇంజనీర్లు కావడానికి వచ్చినవాళ్లే. నలభయ్యో ఏట పదో తరగతికి కట్టి, బీజగణితం పుస్తకం ముందు కూర్చుని ‘ఇక నా బుర్రకెక్కదు’ అనుకునే మనిషికి మొదట చెప్పాల్సిన కబురు ఇది. ఆ కుర్రాళ్లు తప్పిందీ తెలివి లేక కాదు. అక్షరాన్ని వస్తువుకి పొట్టిపేరు అనుకున్నారు. ‘6కూ’ అంటే ఆరుగురు కూలీలని చదివారు. బీజగణితంలో ఆ అక్షరం కూలీ కాదు, కూలీలు ఎందరో చెప్పే అంకె.

సమానం గుర్తుదీ ఇలాంటి పేచీయే. చీటీ మీద కూడికలు వేసుకునేవాడికి అది ‘మొత్తం ఇంత’ అని చెప్పే గుర్తు. కాలిక్యులేటర్లో ఆ మీట నొక్కితే జవాబు వస్తుంది. బీజగణితంలో అది త్రాసు ముల్లు, ఇటు ఎంత తీస్తే అటూ అంతే తీయాలి. బడిపిల్లలకూ ఈ తికమక ఉంటుంది కానీ వాళ్లకు అలవాటు ముదరలేదు. ముప్పై ఏళ్లు కొట్టు నడిపినవాడు ఆ గుర్తును ఒకే అర్థంతో కొన్ని వేలసార్లు వాడి ఉంటాడు.

మనవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. తెలుగు మాధ్యమం పుస్తకంలో కూడా ఎక్స్, వై ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. అయిదో తరగతిలో బడి మానేసిన మనిషికి తెలియని రాశి కంటే ముందు తెలియని లిపి ఎదురవుతుంది. ఇదేమీ తప్పనిసరి కాదు. భాస్కరాచార్యుడు తెలియని రాశులకు ‘యావత్తావత్తు’, ఆ తర్వాత కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టి, యా, కా, నీ, పీ అని మొదటి అక్షరాలతో రాసుకున్నాడు. పరీక్షలో ఎక్స్ రాయక తప్పదు. మొదటి వారం మాత్రం కూ, మేలతో గడిపితే ఎవరి సొమ్మూ పోదు.

తప్పు దొర్లే చోట్లు ఇవీ. చాలామంది చదువు మానేసేది మాత్రం ఇక్కడ కాదు. ఆ సంగతి అమెరికా తన కమ్యూనిటీ కాలేజీల్లో చాలా ఖర్చు పెట్టి తెలుసుకుంది.

ఆ కాలేజీలు రెండేళ్ల చదువు చెబుతాయి. హైస్కూల్ దాటి నేరుగా వచ్చిన పిల్లల పక్కనే పగలు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, పిల్లల్ని పెంచి మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు కూర్చుంటారు. దశాబ్దాలపాటు అక్కడి పద్ధతి ఇది: చేరగానే లెక్కల పరీక్ష, మార్కులు తక్కువొస్తే సన్నాహక తరగతి. కాలిఫోర్నియాలో కొందరిని కాలేజీ స్థాయి లెక్కలకు నాలుగు మెట్లు కిందనుంచి మొదలుపెట్టించేవారు. ఆ తరగతులకు ఫీజు కట్టాలి కానీ డిగ్రీకి అవి లెక్కలోకి రావు.

చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది, పునాది లేనివాడికి పునాది వేయాలి కదా. కానీ ఒక్కసారి గుణించి చూడండి. మూడు మెట్లున్నాయనుకుందాం. ఒక్కో మెట్టులో నూటికి 70 మంది గట్టెక్కుతారు, గట్టెక్కినవాళ్లలో నూటికి 80 మంది తర్వాతి మెట్టులో చేరతారు. ఇవి నేను వేసుకున్న అంకెలే, ఏమంత చెడ్డవి కావు. వందమందితో మొదలైతే మూడో మెట్టు దాటేది 22 మంది. మిగతా 78 మందిలో 22 మంది ఏ పరీక్షా తప్పినవాళ్లు కారు. నెగ్గిన తర్వాత రాలేదు, అంతే. షిఫ్టు మారి ఉంటుంది, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోకపోయి ఉంటుంది. పెద్దవాళ్ల చదువులో ప్రతి విరామమూ ఒక చిల్లే. మెట్లు పెంచడమంటే చిల్లులు పెంచడం.

2013లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తన మూడు కమ్యూనిటీ కాలేజీల్లో దీన్ని తేల్చుకోవాలనుకుంది. ప్రాథమిక బీజగణితం సన్నాహక తరగతికి పడాల్సిన సుమారు 900 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు బీజగణితం. రెండో జట్టుకు అదే బీజగణితం, దానికి తోడు వారానికి రెండు గంటల వర్క్‌షాపు. మూడో జట్టును సన్నాహకం ఊసే లేకుండా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, అదే వర్క్‌షాపు తోడిచ్చారు. నెగ్గినవాళ్లు వరుసగా 39, 45, 56 శాతం. ‘అర్హత లేదు’ అనిపించుకున్నవాళ్లు పై తరగతిలోనే ఎక్కువమంది నెగ్గారు. మూడేళ్ల తర్వాత చూస్తే మూడో జట్టులో 25 శాతం కోర్సు పూర్తిచేసి పట్టా అందుకున్నారు, మొదటి జట్టులో 17 శాతం. 2017లో కాలిఫోర్నియా చట్టమే చేసింది, విద్యార్థిని ఆధారం లేకుండా సన్నాహక తరగతుల్లోకి తోయకూడదని.

అంటే బీజగణితం అక్కర్లేదనేనా? ఆండ్రూ హ్యాకర్ అనే రాజనీతిశాస్త్ర ఆచార్యుడు 2012లో అంత మాటా అన్నాడు, అందరి నెత్తినా దాన్నెందుకు రుద్దుతారని. నాకు ఆ వాదం సగమే నచ్చుతుంది. నర్సు కావాలనుకునేవారికి స్టాటిస్టిక్స్ మేలే. ఎలక్ట్రీషియన్ ఇంజనీర్ కావాలనుకుంటే ఆ పక్కదారి ఎక్కడికీ పోదు. పైగా ఆ అంకెల్లో నా చూపు ఆగింది స్టాటిస్టిక్స్ దగ్గర కాదు, వర్క్‌షాపు దగ్గర. దాన్ని నడిపింది డిగ్రీ చివరికొచ్చినవాళ్లు, అప్పుడే ముగించినవాళ్లు. తరగతిలో వీళ్లతోపాటే కూర్చుని పాఠం విని, ఆ వారమే దాన్ని వీళ్లతో చేయించారు.

మనం ఈ ముడిని ఇంకో రకంగా విప్పాం. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల, 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ వచ్చాయి. వీటిలో పదో తరగతికి గణితం ఐచ్ఛికం. హోమ్ సైన్సో బిజినెస్ స్టడీసో తీసుకుని నెగ్గొచ్చు. దీన్ని తప్పుపట్టలేను. ఈ వెసులుబాటు లేకపోతే పది సర్టిఫికెట్ చూడని ఆడవాళ్లు, డ్రైవర్లు ఎందరో ఉండేవారు. కానీ గణితం లేని పదితో పాలిటెక్నిక్ ప్రవేశానికి పాలిసెట్ రాయడానికి వీల్లేదు. అమెరికాలో గేటు అందరి కళ్లముందూ ఉంది, దాని మీద గొడవపడి మార్చుకున్నారు. మన గేటు మూసిన చప్పుడు కూడా రాదు. ఇక గణితం తీసుకున్నవాళ్లకు దక్కేది ఒక పుస్తకం, సెలవు రోజుల్లో కొన్ని కాంటాక్ట్ క్లాసులు. పాఠానికీ పాఠానికీ మధ్య పక్కన కూర్చునే మనిషి లేడు. ప్రతి మండలంలోనూ డిగ్రీ చదివే పిల్లలున్నారు, సాయంత్రం ఖాళీగా ఉండే బడిగదులున్నాయి.

ఆ పక్కన కూర్చునేవాళ్లు ఏం చెప్పాలి అన్నదానికి బాబ్ మోజెస్ పనికొస్తాడు. 1960ల్లో మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించిన లెక్కల మాస్టారు ఆయన. బీజగణితం అందకపోవడమూ ఓటు అందకపోవడం లాంటిదేనని 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. పిల్లల్ని బోస్టన్ దగ్గర రెడ్ లైన్ రైలెక్కించి, ఆ ప్రయాణాన్ని ముందు బొమ్మగా, తర్వాత సొంత మాటల్లో, ఆ తర్వాతే గుర్తుల్లో రాయించేవాడు.

హైదరాబాద్ మెట్రోలోనూ రెడ్ లైన్ ఉంది. ఖైరతాబాద్‌ను సున్నా అనుకోండి. ఎల్బీనగర్ వైపు కూడిక, మియాపూర్ వైపు తీసివేత. లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి: నాంపల్లి 3. ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట: అమీర్‌పేట మైనస్ 3. నాంపల్లిలో ఎక్కి అమీర్‌పేటలో దిగితే, దిగిన చోటులోంచి ఎక్కిన చోటు తీసేయాలి: -3 - 3 = -6. ఆరు స్టేషన్లు, మియాపూర్ వైపు. మైనస్ అంటే లేమి కాదు, దిక్కు. రోజూ ఆ రైలెక్కి పనికిపోయే మనిషికి ఇందులో కొత్తగా నేర్పేది గుర్తు ఒక్కటే.

ఓపెన్ పదికి దరఖాస్తు నింపడానికి చాలామంది నెట్ సెంటర్‌కే పోతారు. తెర మీద సబ్జెక్టుల వరస వస్తుంది. ‘గణితం పెట్టమంటారా, వద్దా?’ అని కంప్యూటర్ ముందున్న కుర్రాడు అడుగుతాడు. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటారు.